వెనక బండి

మన సంచికకు ఏదైనా రాయమని సంపాదక మిత్రుడు పది రోజులుగా వెంటబడుతున్నాడు. "ఆస్ట్రేలియా పోయి వచ్చినావు గదా, అదే రాయరాదా" అన్నాడు. పక్కనున్న మరో మిత్రుడు "కంగారూల మీద వ్యాసం అన్నమాట" అని నవ్వినాడు. కంగారూలను చూడలేదని అనను. అయితే ఆ ప్రయాణంలో నా మనసులో నాటుకుపోయిన వస్తువులు రెండే రెండు టైర్లు. అవి కూడా మేము నడిపిన బండివి కావు, వెనకాల లాక్కుపోయిన బండివి. పాఠకులు విసుక్కోకుంటే వాటి కథే రాస్తాను.

మాది అనంతపురం జిల్లాలో ఒక మెట్ట గ్రామం. చెనిక్కాయ మా పంట, వాన మా దేవుడు. మా అన్న ఆరేళ్ళ క్రిందట పై చదువుకని అడిలైడు నగరం వెళ్ళి, ఉద్యోగం దొరకడంతో అక్కడే స్థిరపడినాడు. నాలుగేళ్ళుగా ఇంటి ముఖం చూడలేదు. పోయిన వేసవిలో నా పరీక్షలు అయిపోగానే టిక్కెట్టు తనే కొని నన్ను పిలిపించుకున్నాడు. ఊరికే చూసిపోవడానికి రమ్మన్నాడని అమ్మ ఊరంతా చెప్పింది. ఎందుకు పిలిపించినాడో నాకు తెలుసు. డిగ్రీ కాగానే నన్నూ అక్కడికే తెచ్చుకొని, పొలం అమ్మించి, నాయనకు పట్నంలో చిన్న ఇల్లు కట్టించి కూర్చోబెట్టాలని అన్న పథకం. ఆ మాట నోటితో ఎవరూ అనలేదు. మా ఇంట్లో ముఖ్యమైన మాటలు అంత సులభంగా బయటికి రావు.

నాయన ఇంతవరకు ఏడు బోర్లు వేయించినాడు. ఐదు పూర్తిగా ఎండిపోయినాయి. ఒకటి గంటకు పది నిమిషాలు పోసి ఆగిపోతుంది. ఒక్కటి మాత్రం ఇంటి పరువు నిలుపుతూ ఉంది. కడపటి మూడు బోర్ల డబ్బు అన్న పంపినదే. నేను విమానం ఎక్కేనాటికి నాయన ఎనిమిదో బోరుకు పాయింటు చూపించుకొని, ఆ చోట రాళ్ళు గుర్తు పెట్టుకొని ఉన్నాడు.

ఇక దారి సంగతి. దక్షిణ ఆస్ట్రేలియా రాష్ట్రంలో మరీ అనే చిన్న ఊరి దగ్గర మొదలై మార్లా వరకు సుమారు 620 కిలోమీటర్లు పోయే మట్టిదారికి ఊడ్నడట్టా ట్రాక్ అని పేరు. ఎర్రమట్టి, గులకరాళ్ళు, దుమ్ము. ఇది మొదట ఆదివాసుల బాట. ఒక చెలమ నుండి ఇంకొక చెలమకు, నీటి జాడ పట్టుకొని నడిచిన బాట. 1859లో స్టువర్ట్ అనే అన్వేషకుడు ఈ చెలమలను ఆధారం చేసుకొనే ఉత్తరానికి పోయినాడు. ఆయన వెనక 1872లో అడిలైడు నుండి డార్విన్ దాకా తంతి తీగ వచ్చింది. ఆ తరువాత రైలు వచ్చింది. ఆవిరి ఇంజనుకూ నీళ్ళే కావాలి గదా. ఆ పాత రైలును 'ఘాన్' అంటారు. 1980లో పట్టాలను పడమరకు మార్చి కొత్త లైను వేయడంతో పాతది మూతబడింది. ఇప్పుడు దారి పొడుగునా కూలిన స్టేషన్లు, కట్టలు, ఇనుప వంతెనలు మిగిలినాయి.

రైలు రాకముందు సామాను మోసినవి ఒంటెలు. 1866లో కరాచీ నుండి ఓడల మీద ఒంటెలను తెప్పించినారట. వాటిని తోలినవాళ్ళను అక్కడ ఆఫ్గన్లని పిలిచినారు గాని, వాళ్ళలో బెలూచీలు, పంజాబీలు, సింధీలు కూడా ఉన్నారు. మరీలో వాళ్ళు నాటిన ఖర్జూరపు చెట్లున్నాయి, వాళ్ళు కట్టుకున్న మసీదుకు గుర్తుగా ఒక నమూనా ఉంది. ఇంటి నుండి అంత దూరం వచ్చి ఒంటెలు తోలినవాళ్ళను తలచుకుంటే నాకు మా అన్నే గుర్తుకు వచ్చినాడు. ఆ మాట ఆయనతో అనలేదు.

మా అన్న దగ్గర అప్పు మీద కొన్న పాత ప్రాడో బండి ఉంది. నాలుగు చక్రాలూ లాగే బండి. దాని వెనక తగిలించడానికి ఒక క్యాంపర్ ట్రెయిలరును బాడుగకు తెచ్చినాడు. చూడని వాళ్ళకు చెబుతాను. మన ట్రాక్టరు ట్రాలీలో సగం ఉంటుంది, రెండే చక్రాలు. పైన మడిచిన గుడారం, లోపల పరుపు, పక్క అరల్లో స్టవ్వు, నీళ్ళ ట్యాంకు, సామాన్లు. రాత్రికి విప్పితే ఇల్లు, పొద్దున మడిస్తే పెట్టె. వదిన అందులో బియ్యం, కందిపప్పు, చెనిక్కాయల పొడి, ఒక పెద్ద సీసాడు మామిడికాయ ఊరగాయ సర్ది, "జాగ్రత్తగా పోయి రాండి" అని చెప్పి పంపింది.

మరీ దాటిన తరువాత తారు అయిపోయి మట్టి మొదలయిన చోట అన్న బండి ఆపి టైర్ల గాలి తీయడం మొదలు పెట్టినాడు. నాకు ఆశ్చర్యం వేసింది. మన దగ్గర దూరం పోవాలంటే గాలి కొట్టించుకుంటాం. అక్కడ దారి చెడిపోతే గాలి తగ్గించుకుంటారు. తారు మీద 40 పాయింట్లు ఉన్నదాన్ని 26కు దించినాడు. గాలి తగ్గితే టైరు కొంచెం పరుచుకుంటుంది, నేలను ఎక్కువ మేర పట్టుకుంటుంది, రాయి తగిలితే పగలకుండా వంగుతుంది. దానికి తగ్గట్టు వేగం కూడా తగ్గించుకోవాలి. ఇదంతా అన్నే చెప్పినాడు.

నాలుగు టైర్లకు ఇరవై నిమిషాలు పట్టింది. జూన్ నెల అక్కడ చలికాలం, గాలి చెంపలు కోస్తూ ఉంది. "అన్నా, వెనక బండికి?" అని అడిగినాను. అన్న గడియారం చూసుకున్నాడు. "దాంట్లో బరువేముందిరా, అది ఎట్లో మన వెంబడి వస్తుందిలే. చీకటి పడేలోగా చేరాల" అన్నాడు. నేను ఊరుకున్నాను. ఆ ఊరుకోవడంలో నా తప్పూ ఉంది.

ఆ దారిని గురించి ఒక ఫిజిక్సు విద్యార్థిగా నాలుగు మాటలు చెప్పకపోతే మా మాస్టారు ఒప్పుకోరు. మట్టి మీద అడ్డంగా వరుసగా అలలు లేచి ఉంటాయి, రేకుల షెడ్డు కప్పును నేల మీద పరిచినట్లు. వాటిని వాళ్ళు కొరుగేషన్లు అంటారు. వీటిని ఎవరూ చెక్కలేదు, చక్రాలే చెక్కినాయి. ఒక చిన్న మిట్ట తగిలి చక్రం ఎగురుతుంది. దిగినచోట కొట్టి గుంట చేస్తుంది. వెనక వచ్చిన చక్రం అక్కడే ఎగిరి అక్కడే దిగుతుంది. ఒక మేరకు మించిన వేగంతో ఇసుక మీద మామూలు చక్రం దొర్లినా ఈ అలలు పుడతాయని 2007లో శాస్త్రజ్ఞులు ప్రయోగం చేసి చూపినారు. యంత్రంతో చదును చేసినా కొన్నాళ్ళకు మళ్ళీ లేస్తాయి. కొందరు డ్రైవర్లు 80, 90 వేగంతో పోతే చక్రం అల నెత్తి నుండి అల నెత్తికి దూకుతుంది, కుదుపు తెలియదు అంటారు. అది నిజమే. కాని కుదుపు మనిషికి తెలియకపోతే లేనట్టు కాదు, కింద ఇనుముకు తెలుస్తూనే ఉంటుంది. అన్న 90లో పోనిచ్చినాడు.

మరీ దాటిన కొంతసేపటికి కుక్కల కంచె వస్తుంది. గొర్రెలను డింగో కుక్కల నుండి కాపాడడానికి కట్టిన ఈ కంచె పొడవు 5,600 కిలోమీటర్లు. ఇంకా పోతే కుడిచేతి వైపు ఐర్ సరస్సు దక్షిణ భాగం. ఆ సరస్సు అడుగు సముద్ర మట్టానికి 15 మీటర్ల దిగువన ఉంటుందట. ఎక్కడో క్వీన్స్‌లాండులో కురిసిన వాన నెలల తరబడి నడిచివస్తే నిండుతుంది, లేకుంటే ఉప్పు. 1974లో ఎన్నడూ లేనంతగా నిండిందని చెబుతారు. మేము చూసినప్పుడు కంటికి ఆనినంత దూరం తెలుపే. కంటికి అడ్డం లేని అంత నేలను నేను ఎప్పుడూ చూడలేదు.

ఆ ఉప్పు దాటినాక బబ్లర్ అనే చెలమ ఉంది. అది అరబనా అనే ఆదివాసుల భూమి. ఎడారి నడుమ ఒక మిట్ట, మిట్ట మీద మడుగు, మడుగు నడుమ నీళ్ళు అన్నం ఉడికినట్టు కుతకుతలాడుతూ ఇసుకను పైకి ఎత్తుతున్నాయి. చనిపోయిన మహాసర్పం ఇంకా కొట్టుకుంటున్నదని వాళ్ళ కథ. సైన్సు చెప్పేది మరొకటి. ఆస్ట్రేలియా ఖండంలో అయిదో వంతు కింద, 17 లక్షల చదరపు కిలోమీటర్ల మేర, రాతి పొరల నడుమ నీళ్ళున్నాయి. తూర్పున కొండల్లో పడిన వాన లక్షల ఏళ్ళు నేల కింద నడిచి ఇక్కడ తన ఒత్తిడితో తానే పైకి వస్తుంది. మోటారు లేదు, కరెంటు లేదు.

ఆ రాత్రి కవర్డ్ స్ప్రింగ్స్ అనే చోట దిగినాము. పాత రైల్వే స్టేషను అది. అక్కడ రైలు కోసం 1886లో వేసిన బోరు నీళ్ళు ఇంకా వస్తూనే ఉన్నాయి. పాత రైలు స్లీపరు దుంగలతో చిన్న తొట్టి కట్టి ఉంచినారు. గోరువెచ్చని నీళ్ళు అందులో నిండి పొర్లి చిత్తడిలోకి పోతున్నాయి. ఇద్దరం మెడల దాకా దిగి కూర్చున్నాము. అన్న చాలాసేపు మాట్లాడలేదు.

నాకైతే మా అయిదో బోరు రాత్రి గుర్తుకొచ్చింది. బోరు లారీ శబ్దానికి ఊరంతా మేలుకొని ఉంది. టెంకాయ అరచేతిలో నిలబెట్టి పాయింటు చెప్పినాయన మూడు వందల అడుగుల్లోనే గంగ ఉందన్నాడు. మూడు వందలయింది, ఐదు వందలయింది, తెల్లని పిండి లేస్తూనే ఉంది. నాయన ఆ పిండిని గుప్పిట్లోకి తీసుకొని తడి తగులుతుందేమోనని నలిపి చూస్తూనే ఉన్నాడు. అడుగు అడుగుకూ రూపాయలు. ఎనిమిది వందల అడుగుల దగ్గర డ్రైవరే జాలిపడి "ఇంక ఆపుదామా పెద్దాయనా" అన్నాడు. నాయన తల మీద, మీసాల మీద, కనురెప్పల మీద ఆ పిండే.

"నూటముప్పై ఏండ్లు దాటినా ఈ బోరు పోస్తానే ఉంది" అన్నాడు అన్న చివరకు. "నాయనను ఒక్కసారి ఇక్కడ కూర్చోబెట్టాల."

ఆ మాట సంతోషంతో అన్నాడో ఏడుపుతో అన్నాడో చీకట్లో తెలియలేదు.

అయితే ఆ నీళ్ళకూ ఒక కథ ఉంది. 1878 మొదలు అక్కడి రైతులు కూడా వేలకొలది బోర్లు వేసి, మూత లేకుండా మట్టి కాలవల్లోకి వదిలేసినారు. నూటికి తొంభై పాళ్ళకు పైగా ఎండకు ఆవిరయి, ఇంకి పోయేవి. ఒత్తిడి తగ్గింది, కొన్ని చెలమలు ఎండిపోయినాయి. అప్పుడు కళ్ళు తెరిచి, 1999 నుండి ప్రభుత్వాలూ రైతులూ చెరికొంత ఖర్చు పెట్టుకొని బోర్లకు మూతలు వేసి, కాలవల బదులు గొట్టాలు వేస్తూ వచ్చినారు. కొన్ని చోట్ల ఒత్తిడి మళ్ళీ పెరిగింది. అంత సముద్రం వంటి నీళ్ళు కింద ఉన్నవాళ్ళే మూత వేసుకున్నారు. ఈ సంగతి నేను మనసులో దాచుకున్నాను.

మరునాడు విలియం క్రీక్ చేరినాము. పదిమందో ఏమో ఉండే ఊరు. చుట్టూ ఉన్నది అన్నా క్రీక్ అనే పశువుల క్షేత్రం, ప్రపంచంలోనే పెద్దదని పేరు. "నిన్నే పిలుస్తున్నారు అన్నా" అంటే ఆయన నవ్వినాడు. అదే ఆ రోజుకు కడపటి నవ్వు.

మధ్యాహ్నం దాటినాక వెనక నుండి ఒక దెబ్బ శబ్దం, తరువాత ఇనుము గీరుకుపోయే శబ్దం. దిగి చూస్తే క్యాంపర్ ఒక పక్కకు వాలి ఉంది. ఎడమ పక్క కమాన్ పట్టీలలో పెద్ద పట్టీ విరిగింది. ఇరుసు వెనక్కు జరిగి చక్రం మడ్‌గార్డును తింటూ ఉంది. టైరు పక్కన కోసుకుపోయింది. రెండో టైరు ముట్టుకుంటే చెయ్యి కాలింది. తలుపు తీస్తే లోపల వేరే ప్రళయం. బోల్టులు ఊడి అరలు కూలినాయి. ఊరగాయ సీసా పగిలి పరుపంతా ఎర్రన. ఆ వాసనకు ఆ ఎడారిలో మా ఇల్లే గుర్తుకొచ్చింది.

అన్న దారి పక్క రాయి మీద కూర్చున్నాడు. "ముందు బండికి తీస్తిమి, దీనికి తీయకపోతిమి" అన్నాడు. ఖాళీ బండి, గట్టి టైర్లు, పెద్ద వేగం. వంగాల్సిన టైరు వంగకపోతే ప్రతి దెబ్బా పోయి కమాను మీద పడుతుంది. అన్నీ తెలిసిన మనిషి. తెలిసి కూడా ఇరవై నిమిషాలు మిగుల్చుకోబోయినాడు.

ఫోను పలకదు. అక్కడ ఒక ధర్మం ఉంది. ఆగిపోయిన బండిని చూసి ఎవరూ దాటిపోరు. అరగంటకు దుమ్ము లేపుకుంటూ ఒక పాత బండి వచ్చింది. పశువుల క్షేత్రంలో పనిచేసే ముసలాయన దిగినాడు. మొదటి మాట, నీళ్ళున్నాయా అని. రెండో మాట, ఎవరికైనా దెబ్బ తగిలిందా అని. తరువాత వంగి క్యాంపర్ టైరును బొటనవేలితో నొక్కి చూసి, మా అన్న ముఖం చూసి, ఏమీ అనలేదు. ఊడ్నడట్టాలో కబురు చెబుతానని మాత్రం అన్నాడు.

ఇక్కడ నా చదువు కాక నా సేద్యం పనికి వచ్చింది. మా ట్రాలీ కమాను రెండుసార్లు విరిగింది, రెండుసార్లూ నాయన ఏం చేసినాడో పక్కన నిలబడి చూసినాను. జాకీ ఎక్కించి, ఇరుసును ముందుకు లాగి, జాకీ కింద పెట్టుకునే మొద్దు దిమ్మెను ఇరుసుకూ చట్రానికీ నడుమ ఇరికించి, సామాను కట్టే పట్టీలతో, గొలుసుతో బిగించి కట్టినాము. స్పేరు టైరు మార్చినాము. అప్పుడు రెండు టైర్లకూ గాలి తీసినాను. ఇరవైకి దించినాను.

తరువాత నడిపింది నేను. గంటకు పదిహేను, ఇరవై కిలోమీటర్లు. ప్రతి అల విడివిడిగా తెలుస్తుంది. యాభై మీటర్లు మించిన రోడ్డు రైలు లారీ ఎదురొస్తే పక్కకు ఆగి దుమ్ము తగ్గేదాకా కూర్చోవడం. అంత నిదానంగా పోతుంటే మాట్లాడక వేరే పని లేదు. అట్లా నాలుగేళ్ళ మాటలు బయటికి వచ్చినాయి. అన్నకు రెండేళ్ళుగా రాత్రి ఉద్యోగం. బండి అప్పు ఇంకా ఉంది. కడపటి బోరు డబ్బు కూడా అప్పే. "నాయన అడిగితే లేదనలేక పంపినా. పంపితే అయిపోయింది అనుకున్నా. వెనక్కి తిరిగి చూసుకోలే" అన్నాడు. నేను కూడా చెప్పినాను. పొలం అమ్మే మాట నాయన ముందు ఎత్తవద్దని. ఆ ఎనిమిదో బోరు కూడా వేయవద్దని నేను చెప్పలేకపోయినానని. ఇద్దరం ఆయనకు డబ్బు పంపడమో, ఊరుకోవడమో చేసినాము గాని, ఎదురుగా నిలబడి ఒక మాట చెప్పలేదు.

పొద్దు గూకేవేళకు ఆల్జిబకినా వంతెన చేరినాము. 1892 నాటి రైలు వంతెన, పొడవు 578 మీటర్లు. పట్టాల మీద రైలు లేదు, కింద నీల్స్ ఏట్లో మడుగులున్నాయి. చెట్ల సందున క్యాంపరును వెనక్కు పెట్టాలి. అన్న రెండుసార్లు ప్రయత్నించి అడ్డం తిప్పినాడు. నేను కూర్చొని ఒక్క ఊపులో పెట్టినాను. ట్రాలీ వెనక్కు పోవాలంటే స్టీరింగు ఎదురు తిప్పాలి, ఇది మా ఊళ్ళో పిల్లవాడికి కూడా తెలుసు. "నేర్చుకున్నది మరిచినాన్రా" అన్నాడు అన్న. ఆ రాత్రి ఊరగాయ మరకల పరుపు మీదే పడుకున్నాము.

మరునాడు 58 కిలోమీటర్లకు నాలుగు గంటలు. ఊడ్నడట్టా చిన్న ఊరు. 1960 జనవరి 2న అక్కడ 50.7 డిగ్రీల ఎండ కాసిందట. 2022లో పడమటి తీరాన ఆన్‌స్లోలో మళ్ళీ అంతే కాసేదాకా ఆ దేశంలో దానికి జోడు లేదు. మేము పోయిన నాడు మాత్రం వణుకు. ముసలాయన కబురు మా కంటే ముందే చేరింది. ఒక షెడ్డులో పాత ట్రెయిలరు కమాను దొరికింది, సాయంత్రానికి బిగించినారు.

ఫోను పలకగానే ఇద్దరం కలిసి నాయనకు చేసినాము. అన్న మొదలుపెట్టి ఆగిపోతే నేను అందుకొని, ఆగిపోతే ఆయన అందుకొని, చెలమ సంగతి, 1886 బోరు సంగతి, మూతల సంగతి అన్నీ చెప్పినాము. నాయన అంతా విని, "అంత నీళ్ళుండీ మూత వేసుకున్నారా?" అన్నాడు. అవునన్నాము. చాలాసేపు ఏమీ వినపడలేదు. "సరే, మీరు తిన్నారా" అని పెట్టేసినాడు.

నేను ఇల్లు చేరేసరికి ఎనిమిదో బోరు గుర్తు రాళ్ళు అట్లే ఉన్నాయి. లారీ రాలేదు. నాయన దాన్ని గురించి మాట్లాడలేదు, నేనూ అడగలేదు. శ్రావణంలో పల్లపు చేనిలో పంటకుంట తవ్వించినాడు. మొన్నటి వానకు మోకాటి లోతు నిలిచింది. అది ఇంకిపోతే బోరుకు ఊట పెరుగుతుందో లేదో ఇంకా చూడాలి. చెలమ వంటి అద్భుతం మా చేనులో జరగదని నాకు తెలుసు. మా కింద ఉన్నది నల్లరాయి.

నేను అక్కడికి పోతానా, ఇక్కడే ఉంటానా అని మిత్రులు అడుగుతున్నారు. ఇంకా తేలలేదు. మనలో ఎందరో పాసుపోర్టులు తీసుకొని సిద్ధంగా ఉన్నారు, పోవద్దని చెప్పడానికి నేనెవణ్ణి? ఒక్కటే చెప్పగలను. గతుకుల దారిలో దిగేముందు ఆగి, ఇరవై నిమిషాలు పోతే పోనీ అని, వెనక వచ్చే బండికి కూడా గాలి చూసుకోండి. అది ఎట్లో వెంబడి వస్తుందిలే అనుకోవద్దు.

అన్న ఇప్పుడు ప్రతి ఆదివారం నాయనకు ఫోను చేస్తున్నాడు. డబ్బు మాట కాదు, వాన మాట. సంక్రాంతికి వస్తానన్నాడు. వదిన ఊరగాయ సీసా కోసం ఇంకా ఆయనతో పోట్లాడుతూనే ఉందట.